జనాభా లెక్కల్లో ఊరు, దస్తావేజులో ఇల్లు

మా ముత్తాతగారి ఇల్లు ఎక్కడుండేదో చెప్పేవాళ్లు మా వాళ్లలో ఎవరూ మిగల్లేదు. మామ్మ ఎప్పుడూ అనే మాట ఒక్కటే గుర్తు: "నగరం తాలూకా, బోదె పక్కన పెంకుటిల్లు, పెరట్లో నుయ్యి." బోదె అంటే పొలాలకి నీళ్లు పారే చిన్న కాలువ. ఆ చోటు పట్టుకోడానికి నాకు రెండేళ్లు పట్టింది. అందులో మొదటి ఏడాది వృథా. మీకలా కాకూడదని రాస్తున్నాను.

పాత జనాభా లెక్కల కాగితాల్లో ముత్తాతగారి పేరు, ఇంటి నంబరు ఉంటాయని తిరిగాను. అవి చూపించరు. 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటింటి వివరాలు రహస్యం. అచ్చయినవి ఊరి లెక్కలే. అయినా వాటితోనే మొదలుపెట్టండి, ఎందుకంటే ముందు ఊరు తేలాలి. 1951, 1961 జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కుల్లో తాలూకాల వారీగా ఊళ్ల పేర్లు, జనాభా ఉంటాయి. ఒకే పేరున్న ఊళ్లు మన డెల్టాలో చాలా ఉన్నాయి, ఏది ఏ తాలూకాదో అక్కడ తెలుస్తుంది. నగరం తాలూకా తర్వాత రాజోలు తాలూకా అయింది. 1925లో గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది, 1985లో మండలాలొచ్చాయి, 2022లో కోనసీమ జిల్లా వచ్చింది. మీ పెద్దవాళ్లు చెప్పిన పేరు ఏ కాలం నాటిదో చూసుకోండి.

ఊరు తేలాక సర్వే పటం కోసం టెన్షన్ పడకండి. ఇళ్లుండేది గ్రామకంఠంలో, పటంలో అది మామూలుగా ఒకే ముక్కగా ఉంటుంది. లోపలి ఇళ్లు కనపడవు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లండి. అక్కడ రిజిస్టరైన దస్తావేజులు వెతుక్కోడానికి రెండు సూచికలుంటాయి: ఇండెక్స్ 1 మనుషుల పేర్లతో, ఇండెక్స్ 2 ఆస్తుల వారీగా. రుసుం కడితే ఎవరైనా చూడొచ్చు.

అసలు కిటుకు ఇక్కడుంది. మా వాళ్లు ఆ ఇల్లు అమ్మలేదు, కొనలేదు, తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. అందుకే ముత్తాతగారి పేరుమీద దస్తావేజే లేదు. పక్కింటివాళ్లు అమ్ముకున్నారేమో అని అనిపించి, ఇండెక్స్ 2లో ఆ ఊరివి ఒక్కొక్క ఏడాదీ తిరగేశాను. ఒక క్రయ దస్తావేజు నకలులో హద్దులు ఇలా ఉన్నాయి: "తూర్పు: పంటబోదె. దక్షిణం: నడిచే దారి. ఉత్తరం: కొబ్బరి దొడ్డి. పడమర:" అక్కడ మా ముత్తాతగారి పేరు, దాని పక్కన "పెరటి నుయ్యి". ఆ వరుస మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

మనుషులు పోతారు, ఇళ్లు కూలతాయి, బోదె మాత్రం అంత తేలిగ్గా చోటు మారదు. నకలు పట్టుకుని ఆ బోదె దగ్గర నిలబడి, పడమరగా నడిచాను. ఎదురైన పెద్దాయనకి చదివి వినిపించాను.

"ఆ నుయ్యి పూడ్చేశామండి. ఒర ఇంకా ఉంది, రండి చూద్దురుగాని," అన్నారు. కొబ్బరి డొక్కలు పక్కకి తోస్తే నల్లటి ఒర బయటపడింది.