ఆడిట్ క్లీన్, గిట్‌హబ్ క్లీన్, అయినా ప్యాకేజీ తేడాగా ఉందా?

జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దించే ఎన్‌పీఎం, పైథాన్ ప్యాకేజీలు దించే పిప్ రోజూ వాడేవాళ్ల కోసం ఇది. ఏ లక్షణం కనిపించినా ముందు లాక్‌ఫైల్ తెరవండి. పేరు అక్షరం పొల్లుపోకుండా సరిపోయిందా? దిగిన వెర్షన్ ఏది? దాన్ని ఏ ప్యాకేజీ లాక్కొచ్చింది? ప్యాకేజ్ జేసన్‌లో ఉండేది మీరు అడిగింది. నిజంగా దిగింది లాక్‌ఫైల్‌లోనే ఉంటుంది. ‘ఎన్‌పీఎం ఎక్స్‌ప్లెయిన్’ పక్కన ప్యాకేజీ పేరు కొడితే గొలుసంతా బయటపడుతుంది. అర నిమిషం పని ఇది. అయినా దీన్ని వదిలేసి, తమ దగ్గర లేని వెర్షన్ కోడ్‌ని గంటలకొద్దీ చదివేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

లక్షణం: ఆడిట్‌లో (తెలిసిన లోపాల తనిఖీలో) పదుల కొద్దీ ‘హై’లు, ‘క్రిటికల్’లు

చాలావరకు టెస్టులకీ బిల్డుకీ వాడే డెవ్ డిపెండెన్సీలే అయి ఉంటాయి. వాటిని వదిలేయమని ‘ఒమిట్’ ఆప్షన్‌తో చెప్పి ఆడిట్ మళ్లీ నడపండి. మిగిలినవాటిలో లోపమున్న ఫంక్షన్‌ని మీ కోడ్ పిలుస్తోందా, బయటివాళ్ల ఇన్‌పుట్ అక్కడిదాకా వెళ్తుందా చూసి ఏది ముందో తేల్చండి. ‘ఆడిట్ ఫిక్స్’కి ‘ఫోర్స్’ మాత్రం తగిలించకండి. అది మేజర్ వెర్షన్లను కూడా మార్చేస్తుంది, ఆ తర్వాత ఏది దేనివల్ల చెడిందో పట్టుకోవడం కష్టం.

లక్షణం: ఓపెన్ ఎస్‌ఎస్‌ఎఫ్ స్కోర్‌కార్డ్‌లో 10కి 4 కూడా రాలేదు

ఇది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల భద్రతా అలవాట్లకు మార్కులు వేసే టూల్. మొత్తం మార్కు చూసి బెదరకండి. గత 90 రోజుల్లో కదలిక లేకపోతే ‘మెయింటెయిన్డ్’ దగ్గర మార్కులు పోతాయి. పని పూర్తయిపోయిన చిన్న లైబ్రరీలో రోజూ కమిట్లు ఎందుకుంటాయి? ఆటోమేటిక్ బిల్డు స్క్రిప్టులు ఎంత సురక్షితమో చెప్పే ‘డేంజరస్ వర్క్‌ఫ్లో’, ‘టోకెన్ పర్మిషన్స్’ అనే రెండు వరుసలు చూడండి. అక్కడ సున్నా ఉంటే ఆలోచించాల్సిందే.

లక్షణం: ఆడిట్ సున్నా, స్టార్లు వేలల్లో, కోడ్‌లో మచ్చ లేదు. కానీ ఇన్‌స్టాల్ సమయంలో బిల్డ్ మెషీన్ ముక్కూమొహం తెలియని అడ్రస్‌కి కనెక్ట్ అవుతోంది

అందరినీ ముంచేది ఇదే. మీరు చదివింది గిట్‌హబ్‌లోని కోడ్. మీ మెషీన్‌లో దిగింది రిజిస్ట్రీలోని (ప్యాకేజీలు పబ్లిష్ చేసే సర్వర్‌లోని) టార్‌బాల్, అంటే కట్టగట్టిన ఫైల్. ఆ రెండూ ఒకటేనని ఎవరూ సరిచూడలేదు. ప్యాకేజ్ జేసన్‌లో ‘రిపాజిటరీ’ దగ్గర ఎవరి లింక్ అయినా రాసుకోవచ్చు, పేరున్న ప్రాజెక్టు లింక్ పెట్టి దాని స్టార్లను తనవిగా చూపించుకోవచ్చు. ఆడిట్ చూసేది ఇప్పటికే జాబితాకెక్కిన లోపాలనే. పొద్దున వచ్చిన మాల్వేర్‌కి అక్కడ సున్నాయే కనిపిస్తుంది.

2018లో ఈవెంట్ స్ట్రీమ్ అనే ఎన్‌పీఎం ప్యాకేజీ గొలుసులోకి వచ్చిన ఫ్లాట్‌మ్యాప్ స్ట్రీమ్‌లో విషం ఉన్నది ఎన్‌పీఎంలోని మినిఫై చేసిన (చదవడానికి వీల్లేకుండా కుదించిన) ఫైల్లో. మామూలు సోర్స్ చదివితే ఏమీ దొరకదు. 2024లో ఎక్స్‌జెడ్ (లినక్స్‌లో ఫైళ్లు కుదించే టూల్) 5.6.0, 5.6.1 సంగతీ అంతే. పేలోడ్ (అసలు విషపు కోడ్) టెస్ట్ ఫైళ్ల రూపంలో గిట్‌లోనే ఉంది. దాన్ని బిల్డ్‌లోకి లాగే ఎం4 స్క్రిప్ట్ మాత్రం రిలీజ్ టార్‌బాల్‌లోనే ఉంది. 2025 సెప్టెంబర్‌లో డీబగ్ అనే ఎన్‌పీఎం ప్యాకేజీ 4.4.2 కూడా ఫిషింగ్‌తో కొట్టేసిన అకౌంట్ నుంచి నేరుగా రిజిస్ట్రీకి ఎక్కింది.

పరిష్కారం: దిగినదాన్నే విప్పి చూడండి. ‘ఎన్‌పీఎం ప్యాక్’కి పేరు, కచ్చితమైన వెర్షన్ ఇస్తే టార్‌బాల్ మాత్రమే దిగుతుంది, రిజిస్ట్రీ ప్యాకేజీ అయితే స్క్రిప్టులేవీ నడవవు. పైథాన్‌లో జాగ్రత్త: ‘పిప్ డౌన్‌లోడ్’ సోర్స్ ప్యాకేజీని తెస్తే, మెటాడేటా కోసం దాని సెటప్ కోడ్‌ని నడిపే వీలుంది. ‘ఓన్లీ బైనరీ’ పెట్టి వీల్ (ముందే బిల్డ్ చేసిన ప్యాకేజీ) తెచ్చుకోండి, అది మామూలు జిప్పే. సోర్స్ ప్యాకేజీయే కావాలంటే పైపీఐ (పైథాన్ రిజిస్ట్రీ) పేజీ నుంచి ఫైల్‌ని నేరుగా దించుకోండి.

తర్వాత ఆ వెర్షన్ ట్యాగ్ చెకౌట్ చేసి రెండు ఫోల్డర్లకీ డిఫ్ కొట్టండి. మోనోరెపో (ఒకే రిపోలో చాలా ప్యాకేజీలు) అయితే లోపలి సబ్‌ఫోల్డర్‌తో పోల్చాలి. ట్యాగ్ లేకపోతే ‘ఎన్‌పీఎం వ్యూ’లో గిట్‌హెడ్ (ఏ కమిట్ నుంచి పబ్లిష్ అయిందో) చూడండి, కానీ అదీ పబ్లిష్ చేసినవాళ్లు చెప్పిన మాటే. ఆ కమిట్ రిపోలో దొరక్కపోతే అక్కడితో ఆగి పాత వెర్షన్‌కి పిన్ చేసేయండి. డిస్ట్ (బిల్డ్ అయిన ఫైళ్ల) ఫోల్డర్ తేడా వస్తుంది, అది మామూలే; ట్యాగ్ నుంచి మీరే బిల్డ్ చేసి మళ్లీ పోల్చండి.

మిగిలిన తేడాల్లో వెతకాల్సినవి: గిట్‌లో లేని ఫైళ్లు, కొత్తగా చేరిన ప్రీఇన్‌స్టాల్, పోస్ట్‌ఇన్‌స్టాల్ వరుసలు, వేల అక్షరాల ఒంటి లైన్లు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ చదివే కోడ్, పైథాన్‌లో పీటీహెచ్ ఫైళ్లు. ఆ ఫైల్లో ‘ఇంపోర్ట్’తో మొదలయ్యే లైన్ పైథాన్ స్టార్ట్ అయిన ప్రతిసారీ నడుస్తుంది. ఇంకో మెలిక: స్క్రిప్టుల జాబితా ఖాళీగా ఉన్నా ప్యాకేజీలో ‘binding.gyp’ (జిప్ ఆర్కైవ్ కాదు, బిల్డ్ సూచనల ఫైల్) ఉంటే ఎన్‌పీఎం తనంతట తానే బిల్డ్ మొదలుపెడుతుంది.

అప్పటికే ఇన్‌స్టాల్ అయిపోయి ఉంటే నోడ్ మాడ్యూల్స్ తుడిచేసి చేతులు దులుపుకోకండి. ఆ మెషీన్‌కి అందుబాటులో ఉన్న ఎన్‌పీఎం, గిట్‌హబ్, క్లౌడ్ కీలన్నిటినీ వేరే మెషీన్ నుంచి రద్దు చేసి కొత్తవి తీసుకోండి. తర్వాత బిల్డ్ మెషీన్‌ని మొదటినుంచి కట్టండి.

మళ్లీ రాకుండా: సీఐలో (ఆటోమేటిక్ బిల్డులో) ‘ఎన్‌పీఎం సీఐ’ని ‘ఇగ్నోర్ స్క్రిప్ట్స్’తో నడపండి, నేటివ్ మాడ్యూళ్లు (మెషీన్‌లో కంపైల్ అయ్యేవి) ఉంటే వాటిని మాత్రం విడిగా రీబిల్డ్ చేయండి. ‘ఆడిట్ సిగ్నేచర్స్’ నడిపితే ప్రొవెనెన్స్ ఉన్న ప్యాకేజీలకు దాన్ని సరిచూస్తుంది. ప్రొవెనెన్స్ ఉంటే ఏ కమిట్ నుంచి బిల్డ్ అయిందో తెలుస్తుంది, ఆ కమిట్ మంచిదో కాదో మాత్రం అది చెప్పదు. ఎన్‌పీఎంకి బదులు వాడే పీఎన్‌పీఎంలో 10.16 నుంచి ‘మినిమమ్ రిలీజ్ ఏజ్’ ఉంది, లెక్క నిమిషాల్లో. 4320 పెడితే మూడు రోజులు నిండని వెర్షన్ దిగదు. డీబగ్ విష వెర్షన్ గంటల్లోనే తొలగిపోయింది కాబట్టి ఈ ఒక్క లైన్ ఉన్నవాళ్లకు అది తగిలేదే కాదు.

అరుదైనవి

రిజిస్ట్రీ సర్వర్లే చేజారడం, హ్యాష్ కొలిజన్, కంపైలర్‌లో బ్యాక్‌డోర్: పైవన్నీ తేలాక చూసుకోవచ్చు. మీ ఇంటర్నల్ ప్యాకేజీ పేరుతో పబ్లిక్ రిజిస్ట్రీలో ఎవరైనా పెద్ద వెర్షన్ నంబర్ పెట్టారేమో మాత్రం చూడండి. పిప్‌లో ‘ఎక్స్‌ట్రా ఇండెక్స్’ వాడితే రెండు చోట్లా వెతికి పెద్ద నంబర్‌నే తెస్తుంది. దాన్ని తీసేసి, అన్నిటికీ మీ ప్రాక్సీ (మీ సొంత మధ్యవర్తి సర్వర్) ఒక్కటే ఇండెక్స్‌గా పెట్టి, ఇంటర్నల్ పేర్లను బయట వెతకకుండా ఆ ప్రాక్సీలో బ్లాక్ చేయండి.