పాత వాల్వ్ (గాజు ట్యూబుల) యాంప్‌కి స్పీకర్లు తగిలించే ముందు

స్పీకర్ కలపకుండా యాంప్ ఆన్ చేయకండి. లోడ్ లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి ఎగసి వైండింగ్ పోవచ్చు. పాత మోడల్‌కి అది మళ్ళీ దొరకడం గగనం.

అమెరికాలో 117 వోల్టులకి చేసిన యాంప్ అయితే మన 230కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు.

ఛానల్‌కి ఒక్క 2ఏ3 వాల్వ్ ఉంటే వచ్చేది సుమారు 3.5 వాట్లే. సెన్సిటివిటీ (ఒక వాటుకి మీటరు దూరంలో ఇచ్చే శబ్దం) 95 డెసిబెల్స్ దాటిన స్పీకర్ వెతకండి. 98 స్పీకర్ ఇచ్చే శబ్దం 88 దాంట్లో రావాలంటే పదిరెట్లు, అంటే 35 వాట్లు కావాలి. స్పీకర్ వెనక రాసిన ‘200 వాట్లు’ చూసి మురిసిపోకండి, అది తట్టుకునే హద్దు మాత్రమే!

4 ఓమ్‌ల స్పీకర్‌కి సెన్సిటివిటీ 2.83 వోల్టుల లెక్కలో ఇస్తే 3 డెసిబెల్స్ తీసేయండి. అక్కడ వెళ్ళేది ఒక వాటు కాదు, 2 వాట్లు.

8 ఓమ్‌ల స్పీకర్ యాంప్ మీది 8 ట్యాప్‌కే (ట్యాప్ అంటే స్పీకర్ తీగ కలిపే చోటు). బేస్ దగ్గర ఓమ్‌లు బాగా కిందికి పడే రకమైతే 4 ట్యాప్ మీద కూడా విని చూడండి.