గెలాక్సీలో ప్లింక్ డేటా ఎక్కించే ముందు: ఫ్యామ్ ఫైల్ వరస కదపొద్దు

పోయిన వారం తిరుపతిలోనే ఒక ల్యాబ్‌లో పుంగనూరు ఆవుల జీనోటైప్ (ఒక్కో ఆవు డీఎన్‌ఏలోని జన్యు రకాలు) విశ్లేషణ మొత్తం పక్కన పడేయాల్సి వచ్చింది. గెలాక్సీలోకి (జన్యు డేటాను బ్రౌజర్‌లోనే విశ్లేషించే వెబ్ వేదిక) అప్‌లోడ్ బాగానే అయింది, ఎర్రర్ ఒక్కటీ రాలేదు. కానీ ఒక ఆవు జీనోటైప్ ఇంకో ఆవు పేరు మీద ఉంది. థీసిస్‌లు ఇచ్చే రోజులు దగ్గర పడ్డాయి కాబట్టి జూనియర్ల కోసం ఇది రాస్తున్నాను.

ప్లింక్ అనేది జీనోటైప్‌లను విశ్లేషించే సాఫ్ట్‌వేర్. దాని డేటా అంటే మూడు ఫైళ్లు. ఫ్యామ్‌లో ఆవుల ఐడీలు, బిమ్‌లో మార్కర్లు (డీఎన్‌ఏలో పరీక్షించిన స్థానాలు), బెడ్‌లో జీనోటైప్‌లు. బెడ్ ఫైల్లో ఎవరి పేరూ ఉండదు. ఫ్యామ్‌లో మొదటి లైన్లో ఏ ఆవు ఉంటే ప్రతి మార్కర్‌లోనూ మొదటి జీనోటైప్ దానిదే. రెండింటినీ కలిపేది ఆ వరస ఒక్కటే.

ఇది తెలియక ఫ్యామ్‌ను ఎక్సెల్‌లో తెరిచి, బరువును బట్టి సార్ట్ చేసి సేవ్ చేస్తారు. ఇలా పాడైన పనులు చాలా చూశాను. ఫ్యామ్, బెడ్ జత కుదిరిందా అన్నది ప్లింక్ సైజును బట్టే చూస్తుంది. 100 ఆవులు, 50,000 మార్కర్లు ఉంటే బెడ్ ఫైల్ 12,50,003 బైట్లు ఉండాలి. మీరు సార్ట్ చేసినా ఆవులు వందే కదా, లెక్క సరిపోతుంది, గెలాక్సీలో జాబ్ పచ్చగా (తప్పు లేదన్నట్టు) పూర్తవుతుంది. ఫలితాలు మాత్రం తప్పు. పాత డేటా క్లీనింగ్ నాటి ఫ్యామ్‌ను కొత్త బెడ్‌తో జత చేసినా, లైన్ల సంఖ్య ఒకటే అయితే ఇదే జరుగుతుంది.

బరువు, పాల దిగుబడి లాంటివి చేర్చాలంటే ఫ్యామ్ ముట్టుకోకండి. వేరే ఫైల్లో రాసి ఫినోటైప్ (పైకి కొలవగల లక్షణాల) ఫైల్‌గా ఇవ్వండి. ప్లింక్ దాన్ని ఐడీలను బట్టి కలుపుతుంది, వరసతో పని లేదు. వరస మార్చక తప్పదంటే ప్లింక్ చేతే మార్పించండి, అప్పుడు మూడు ఫైళ్లూ కలిసి మారతాయి.

గెలాక్సీలోకి ఎక్కించేటప్పుడు మామూలు అప్‌లోడ్ ట్యాబ్ వద్దు. అక్కడ బెడ్ అంటే క్రోమోజోమ్ స్థానాలు రాసుకునే టెక్స్ట్ ఫైల్ అని అర్థం, ప్లింక్ బెడ్ అది కాదు. కాంపోజిట్ ట్యాబ్‌లో పీబెడ్ (pbed, ప్లింక్ బెడ్) రకం ఎంచుకుంటే మూడు గడులు వస్తాయి. ఏ గడిలో ఏ ఫైలో చదివి పెట్టండి.

మూడు ఫైళ్లూ ఒకే ఫోల్డర్ నుంచి, ఒకే రన్ నుంచి తీసుకోండి.
ఫ్యామ్‌ను ఎక్సెల్‌లో తెరవొద్దు. ఐడీల ముందున్న సున్నాలు కూడా పోతాయి.
"ఫైనల్", "ఫైనల్ 2" అని పేర్లు పెట్టొద్దు. తేదీ పెట్టండి.
ఎక్కించే ముందు మూడింటి చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో తెలిపే కోడ్) రాసి పెట్టుకోండి.
మనుషుల డేటా అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా పబ్లిక్ సర్వర్‌లో పెట్టొద్దు.
ఫ్యామ్ సార్ట్ చేయొద్దు. గైడ్ అడిగినా చేయొద్దు, కారణం చెప్పండి.
ఈపాటికే సార్ట్ చేసి ఉంటే ఆ ఫ్యామ్ పక్కన పడేసి, జీనోటైపింగ్ చేసిన చోటు నుంచి వచ్చిన అసలు ఫైళ్లతో మళ్లీ మొదలుపెట్టండి.