మోడల్ లారీ డెకాల్ కింద తెల్లపొర: నా అనుభవం

1:24 స్కేలు లారీ వెనుక తలుపు మీద ‘హారన్ ఓకే ప్లీజ్’ డెకాల్ (నీటిలో నానబెట్టి అంటించే స్టిక్కర్) ఆరగానే అక్షరాల చుట్టూ వెండిరంగు పొర తేలేది. ఎక్కువసేపు నానబెట్టడం, గట్టిగా అద్దడం, అంచులు కత్తిరించడం ఫలించలేదు. మ్యాట్ (మెరుపులేని) రంగు గరుకులో గాలి చిక్కుకోవడమే దీనికి కారణం కనుక, ముందుగా గ్లాసీ వార్నిష్‌ను పలుచగా రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరనిచ్చాను. తరువాత ఆ చోట మైక్రో సెట్ (డెకాల్ బాగా అతుక్కోవడానికి వాడే ద్రవం) రాసి, డెకాల్‌ను జరిపి సరిచేసి, నీటిని తడి కుంచెతో మధ్య నుంచి అంచులకు తోసి, పైన మైక్రో సోల్ (డెకాల్‌ను మెత్తబరిచే ద్రవం) పూశాను. అప్పుడు డెకాల్ ముడతలు పడుతుంది. ముట్టుకోకూడదు, ఆరుతూ అదే పలకల గాడుల్లోకి సర్దుకుంటుంది. మిగిలిన బుడగలను సన్నని సూదితో గుచ్చి మళ్లీ మైక్రో సోల్ అద్దాను. చివర మ్యాట్ వార్నిష్ వేశాక, మన లారీలకు అందం తెచ్చే ఆ చేతిరాతే కనిపించింది. ఇది ఆక్రిలిక్ రంగు మీద చేసిన పని. మందపాటి డెకాల్‌కు మైక్రో సోల్ చాలకపోవచ్చు, పలుచని దాన్ని పాడుచేయనూవచ్చు, కాబట్టి ముందు అక్కరలేని ముక్క మీద పరీక్షించండి.