ప్రేమ నవల మధ్యలో మొరాయిస్తే

పన్నెండో చాప్టర్ దాకా పరుగులు పెట్టిన నవల పదమూడో చాప్టర్ మొదటి పేరా దగ్గర కాళ్ళు చాపేస్తుంది. ఫైలు తెరుస్తారు, చివరి పేరా చదువుతారు, ఒక కామా తీసేస్తారు, మూసేస్తారు. మర్నాడు ఆ కామా మళ్ళీ పెడతారు. రాత ఇలా మొరాయించడాన్ని చెప్పే రైటర్స్ బ్లాక్ అనే మాటను 1947లో ఎడ్మండ్ బెర్గ్లర్ అనే మానసిక విశ్లేషకుడు వాడుకలోకి తెచ్చాడు. ఆయన దీని మూలాలను రచయితల పసితనంలో వెతికాడు. ప్రేమ నవల రాసేవాళ్ళు అంత వెనక్కి పోనక్కర్లేదు. మూడు చాప్టర్లు వెనక్కి వెళ్తే చాలు, ముల్లు సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

ఎందుకంటే ప్రేమ నవలలో చివరికి ఇద్దరూ కలుస్తారని పాఠకులకు మొదటి పేజీలోనే తెలుసు. వాళ్ళు చదివేది ఆ ఇద్దరి మధ్య ఉన్న అడ్డు కోసం. ఆ అడ్డు మీకు తెలియకుండానే ఎక్కడో కరిగిపోయి ఉంటుంది. రాయడానికి ఏమీ మిగలలేదని చెయ్యి ముందే గ్రహించి ఆగిపోతుంది. కాబట్టి కొత్త సీన్ కోసం గోళ్ళు గిల్లుకోకండి, ముందు లెక్క తీయండి.

అడ్డు లెక్క

ఆగిన చోటి నుంచి వెనక్కి ఐదు సీన్లు తీసుకోండి. ఒక్కో సీన్‌కు కాగితం మీద రెండు వాక్యాలు చాలు: సీన్ మొదలైనప్పుడు ఇద్దరి మధ్య ఏముంది, ముగిసేసరికి ఏముంది. ఇది గంట పని. వరసగా రెండు సీన్లలో రెండు వాక్యాలూ ఒకటే అయితే కథ అక్కడ నిలబడి ఆవులిస్తోందని అర్థం. ఏదో ఒక సీన్ చివర "ఏమీ లేదు, ఇద్దరికీ అర్థమైపోయింది" అని రాయాల్సివస్తే నవల అక్కడే అయిపోయింది, మీరు ఆ తర్వాత కూడా రాస్తూ పోయారు.

ఇంకో పరీక్ష ఉంది. హీరో ఒక్క ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడితే గొడవ తీరిపోతుందా? తీరిపోతే అది అడ్డు కాదు, అపార్థం. అపార్థం మీద ఒక చాప్టర్ నడపొచ్చు, పది చాప్టర్లు నడపలేం. అతన్ని ఎవరితోనో చూసి ఆమె అలిగి వెళ్ళిపోవడం, అతను చెప్పబోతే వినకపోవడం, ఇవి వాడుకొని వాడుకొని అరిగిపోయిన నాణేలు.

గట్టి అడ్డులో ఇద్దరి వైపూ న్యాయం ఉంటుంది. బెంగళూరులో ఇలాంటివి వీధికి నాలుగు దొరుకుతాయి. అతను సర్జాపూర్ రోడ్డులో ఇంకా పూర్తికాని ఫ్లాట్‌కు ఈఎంఐ కడుతూ, మారతహళ్ళిలో అద్దె కూడా కడుతున్నాడు. ఈ ఊరు వదిలితే మునిగిపోతాడు. ఆమెకు అనంతపురంలో ఒంటరిగా ఉన్న తల్లిని చూసుకోవాలి, తల్లి ఆ ఇల్లు వదిలి రాదు. ఇందులో విలన్ లేడు, ఎవరూ అబద్ధం ఆడలేదు. ఫోన్ కాల్‌తో తీరదు. ఇలాంటి అడ్డు ఒక్కటి ఉంటే మేనత్తల కుట్రలూ యాక్సిడెంట్లూ అక్కర్లేదు.

లెక్క తేలాక అతుకు వేయాలి. "పక్కన పెట్టినవి" అని ఇంకో ఫైలు తెరిచి, చివరిసారి కథకు ప్రాణం ఉన్న సీన్ తర్వాతవన్నీ అందులోకి తరలించండి. చెరిపేయొద్దు. చెరిపేస్తే ఆ వాక్యాల మీద బెంగ పట్టుకుంటుంది, కొత్తవి రాయనివ్వదు. మామూలుగా పోయేది రెండు మూడు చాప్టర్లు. పది చాప్టర్లు తరలించాల్సివస్తే కథాంశంలోనే లోపం ఉంది. అప్పుడు సీన్ల మరమ్మతు మాని, ఇద్దరికీ ఏం కావాలో కొత్తగా రాసుకోండి. ముఖ్యంగా హీరోకు. హీరోయిన్ తప్ప ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేని హీరో తొమ్మిదో చాప్టర్‌కల్లా చేతులు కట్టుకొని నిలబడతాడు.

మీరు, నువ్వు

తెలుగు ప్రేమ కథకు ఉన్న గొప్ప సౌకర్యం ఇది, ఎక్కువమంది నిర్లక్ష్యంగా ఖర్చుపెట్టేదీ ఇదే. ఆమె అతన్ని "మీరు" అనడం మాని "నువ్వు" అన్న క్షణం ఒక పెద్ద సీన్. చాలా డ్రాఫ్టుల్లో అది మూడో చాప్టర్‌లో ఎవరికీ తెలియకుండా జరిగిపోతుంది. ఆ తర్వాత దగ్గరితనం చూపించడానికి మాటల్లో ఏమీ మిగలదు, రచయిత వాన మీదా వెన్నెల మీదా పడతారు.

ఫైలులో "మీరు", "నువ్వు" వెతికే పని పెట్టండి. ఏ చాప్టర్‌లో ఎవరు ఎవరిని ఏమంటున్నారో చిన్న పట్టిక వేయండి. "అండీ" ఎక్కడ రాలిపోయిందో కూడా చూడండి. కారణం లేకుండా మారిన చోట పాత పిలుపుకు తిప్పేయండి; ఒక్కోసారి ఈ ఒక్క మార్పుతోనే ఆగిన సీన్ కదులుతుంది. వెనక్కి మారడం ఇంకా బలమైనది. నాలుగు నెలలు "నువ్వు" అన్న మనిషి ఒక సాయంత్రం "మీరు వెళ్ళండి" అంటే, దాని పక్కన ఏ కోపపు డైలాగూ నిలవదు. అతను "నువ్వు", ఆమె "మీరు" అనే పాత ఏర్పాటు ఇప్పటి పాఠకుల కంట్లో పడుతుంది. వాడితే తెలిసి వాడండి.

బెంగళూరు ఆఫీసు కథల్లో ఇందులో ఇంకో మెలిక ఉంది. ఇద్దరూ మొదటి నెల ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటారు, అక్కడ నువ్వూ లేదు, మీరూ లేదు. ఒక రోజు కెఫెటేరియాలో ఆమె ఫోన్‌లో "అమ్మా, తిన్నావా?" అంటుంటే విని అతను "మీరు తెలుగా?" అంటాడు. అప్పుడు మొదలవుతుంది అసలు దూరం. డైలాగులు ఎండిపోతే ఇద్దరి యాసలూ చూసుకోండి. అనంతపురం పిల్ల "యాడికి పోతాండావు?" అనాలి. తాతల కాలం నుంచి బెంగళూరులో ఉన్న తెలుగు కుర్రాడికి మాటల్లో కన్నడం దొర్లాలి, తెలుగు మాట్లాడినా చదవడం రాకపోవచ్చు. అలాంటివాడికి ఆమె తెలుగులో ఉత్తరం రాస్తే? అక్కడొక చాప్టర్ దానంతటదే పుడుతుంది. ఇద్దరూ టీవీ యాంకర్లలా మాట్లాడితే ఏ సీనూ పుట్టదు.

పది రోజుల వరస

మరమ్మతు అయ్యాక కూడా చెయ్యి వెంటనే తిరగదు. మొదటి మూడు రోజులు నవల ఫైలు తెరవొద్దు. రోజుకు పదిహేను నిమిషాలు, చేత్తో, కాగితం మీద రాయండి. మొదటి రోజు: హీరో పంపి, ఆమె చూసేలోపే డిలీట్ చేసిన పది వాట్సాప్ మెసేజ్‌లు. రెండో రోజు: ఆమె వాళ్ళ అక్కకు అతని గురించి చెప్పిన మూడు అబద్ధాలు, ఒక నిజం. మూడో రోజు మీ ఇష్టం, కానీ అందులో "ప్రేమ" అనే మాట రాకూడదు. వీటిలో సగం చెత్త వస్తుంది, రావాలి కూడా. ఒక్క మెసేజ్ పనికొచ్చినా చాలు.

నాలుగో రోజు నుంచి ఏడో రోజు దాకా ఆగిన సీన్‌ను ఉత్తి సంభాషణగా రాయండి. వర్ణన లేదు, "అన్నాడు" "అంది" లేవు. ఇరవై ఐదు నిమిషాలు రాత, ఐదు నిమిషాలు విరామం. ఫ్రాన్సిస్కో సిరిల్లో 1980ల చివర్లో టొమాటో ఆకారపు వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పొమొడోరో పద్ధతి ఇదే. రోజుకు రెండు విడతలు మించొద్దు. మొదటి రోజే నాలుగు గంటలు కూర్చుంటే మూడో రోజు కుర్చీ చూస్తేనే విసుగు పుడుతుంది, అందరూ పడే గోతి అది. వైట్‌ఫీల్డ్ నుంచి పర్పుల్ లైన్ మెట్రో ఎక్కేవాళ్ళకు మెజెస్టిక్ చేరేలోపు రెండు విడతలు అయిపోతాయి, సీటు దొరికితే. ఎనిమిదో రోజు నుంచి ఆ సంభాషణకు చేతులూ, కళ్ళూ, గదీ తొడగండి.

గూగుల్ వాళ్ళ ఫోన్ కీబోర్డు జీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ సంభాషణకు బాగా పనికొస్తుంది. పాత్రలు నోటితో మాట్లాడినట్టే వస్తాయి, గ్రాంథికం చొరబడదు. ఇబ్బందులూ ఉన్నాయి: విరామ చిహ్నాలు సరిగా పడవు, యాస మాటలనూ పాత్రల పేర్లనూ తనకు నచ్చినట్టు మార్చేస్తుంది. కాబట్టి అదే రోజు సరిచూసుకోవాలి, వారం ఆగితే మీరేమన్నారో మీకే తెలియదు. ఇది గది తలుపు వేసుకొని చేసే పని. మెట్రోలో కడ్డీ పట్టుకు నిలబడి "నిన్ను వదిలి ఉండలేను" అని ఫోన్‌కు చెబితే ఏమవుతుందో వేరే చెప్పాలా!

రోజుకు ఇన్ని పదాలు అనే లెక్క ఇంగ్లీషు పుస్తకాల నుంచి తెచ్చుకోకండి. "వెళ్ళిపోదామనుకుంటున్నానంది" తెలుగులో ఒక్క పదం, ఇంగ్లీషులో అదే సంగతికి అర డజను పైనే పడతాయి. వాళ్ళ వెయ్యి పదాలు చూసి మనం వెయ్యి పెట్టుకుంటే సాయంత్రానికి ఓడిపోయినట్టు అనిపిస్తుంది. నాలుగు వందలు మంచి లక్ష్యం, ఆగి మొదలుపెట్టిన మొదటి నెలలో రెండు వందలైనా సరే. ఆపేటప్పుడు సీన్ పూర్తిచేయొద్దు. తర్వాతి మాట ఏమిటో తెలిసిన చోట, వాక్యం సగంలో వదలండి.

ఊరిని వాడుకోండి

సీన్ పొడిగా ఉంటే, నిలబడి తినే దర్శిని హోటల్‌కు వెళ్ళి ఇరవై నిమిషాలు నిలబడి, చేతులు మాత్రం గమనించండి. వన్ బై టూ కాఫీ చెప్పిన ఇద్దరిలో ఎవరు ముందు గ్లాసు అందుకున్నారు, నురగ ఎక్కువున్నది ఎవరు ఎవరి వైపు జరిపారు? అర పేజీ ప్రేమ సీన్ అక్కడే ఉంది. పీజీ గేటు పదింటికి మూసేస్తారు, ఇప్పుడు తొమ్మిది నలభై. శుక్రవారం రాత్రి మడివాళలో విజయవాడ బస్సు ఎక్కాలి, సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్ కదలడం లేదు. ఇలాంటి గడియారం ఒకటి పెడితే నత్తనడక సీన్ కూడా పరుగెడుతుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములతో పడే వాన కూడా మీదే, కాకపోతే నవలకు ఒక్కసారే. ఇంట్లో మరీ ఊపిరాడకపోతే శనివారం పొద్దున కబ్బన్ పార్కుకు వెళ్ళండి. 2023 నుంచి కబ్బన్ రీడ్స్ పేరుతో అక్కడ చెట్ల కింద మౌనంగా చదువుకుంటున్నారు. ఎవరూ పలకరించని చోట, నలుగురి మధ్య కూర్చోవడం కొందరికి బాగా పనిచేస్తుంది.

సిగ్గు దగ్గర ఆగితే

పడకగది తలుపు దాకా వచ్చి ఆగిపోయిన నవలలు చాలా ఉన్నాయి. ఒక కారణం భాష: ఉన్న మాటలు అయితే కావ్యాల్లోవి, లేకపోతే బూతులు. రెండోది, పిన్ని చదివితే ఏమనుకుంటుందో అన్న భయం. మొదటిదానికి మందు, ఆ సీన్‌కు ముందు పది నిమిషాలూ మర్నాటి పొద్దునా రాసి, మధ్యలో చుక్కలు పెట్టి వదిలేయడం. పొద్దున ఆమె అతని కప్పులో కాఫీ తాగితే మధ్యలో జరిగింది సగం తెలిసిపోతుంది. మిగతా సగం నిజంగా కావాలో లేదో నవల పూర్తయ్యాక చూసుకోవచ్చు. రెండోదానికి కలం పేరు పెట్టుకోండి.

ఇవన్నీ చేసినా కదలకపోతే, పైగా నిద్ర పట్టక, తిండి సయించక, ఇష్టమైన పనులన్నీ చేదైపోతే అది రాతకు సంబంధించిన సమస్య కాదు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

సీరియల్ రాసేవాళ్ళకు

ప్రతిలిపి లాంటి వేదికల్లో వారం వారం ఎపిసోడ్ పెట్టేవాళ్ళ బాధ వేరు. "త్వరగా కలిపేయండి మేడమ్" అని కామెంట్లు వస్తాయి, మొహమాటానికి పోయి పదిహేనో ఎపిసోడ్‌లో కలిపేస్తారు, పదహారు రాయలేరు. కామెంట్లు రాసే రోజున చదవొద్దు, వారానికి ఒక రోజు పెట్టుకోండి. ఎప్పుడూ నాలుగు ఎపిసోడ్లు చేతిలో నిల్వ ఉండాలి. నిల్వ రెండుకు పడితే అప్పుడే విరామం ప్రకటించండి, సున్నా అయ్యేదాకా ఆగొద్దు. తేదీ చెప్పి ఆగితే పాఠకులు ఎదురుచూస్తారు, చెప్పకుండా మాయమైతే ఇంకో కథకు పోతారు. విరామం తర్వాత వచ్చే ఎపిసోడ్ మామూలు కంటే చిన్నదిగా, ఇద్దరూ ఎదురెదురుగా ఉండేలా చూడండి. జరిగిన కథ మూడు వాక్యాలు మించకూడదు, క్షమాపణ ఒక్కటి చాలు.