రేలీకి ఒదగని సముద్రపు ఛానల్: నా అనుభవం

విశాఖ తీరానికి ఆవల 30 మీటర్ల లోతు నీటిలో, 12 కిలోహెర్ట్జ్ క్యారియర్, 5 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌తో నమోదు చేసిన ధ్వని సంకేతాల నుంచి ఛానల్ (సంకేతం ప్రయాణించే నీటి మాధ్యమం) స్పందనను లెక్కగట్టి, ఒక్కొక్క ట్యాప్ (ఆ స్పందనలో ఒక్కో ఆలస్యానికి చెందిన గడి) ఆంప్లిట్యూడ్‌కు హిస్టోగ్రాం గీశాను. సున్నా దగ్గర పెద్ద గుట్ట, కుడివైపు ఎడతెగని తోక. ఫేడింగ్‌ను, అంటే సంకేత బలంలోని హెచ్చుతగ్గులను, వర్ణించడానికి వాడే రేలీ, రైస్ అనే సంభావ్యతా పంపిణీల్లో దేనికీ అది ఒదగలేదు. కొత్త పంపిణీల వేటలోనే రెండు వారాలు గడిచిపోయాయి, ఇప్పుడు తలచుకుంటే నవ్వు వస్తుంది.

ఆలస్యాన్ని నిలువుగా, కాలాన్ని అడ్డంగా పెట్టి బొమ్మ గీసినప్పుడు అసలు సంగతి బయటపడింది: ధ్వని నేరుగానో, పరావర్తనం చెందో వచ్చే వేర్వేరు మార్గాలకు అడ్డంగా సాగవలసిన గీతలన్నీ ఏటవాలుగా ఉన్నాయి. పరికరాలున్న పడవ సెకనుకు సుమారు 0.3 మీటర్ల చొప్పున కొట్టుకుపోతోంది. నీటిలో ధ్వనివేగం సెకనుకు దాదాపు 1500 మీటర్లు కనుక నిమిషానికి ఆలస్యం 12 మిల్లీసెకన్లు మారుతుంది. ట్యాప్ వెడల్పు 0.2 మిల్లీసెకన్లే కాబట్టి, ప్రతి మార్గమూ సెకనుకో ట్యాప్ దాటిపోతోంది. ఫేడింగ్ అనుకుని నేను కొలిచింది ఆ రాకపోకలనే.

డాప్లర్ గుణకం (పడవ కదలిక వల్ల సంకేతం కాలంలో సాగిన లేదా కుదించుకున్న నిష్పత్తి) మేరకు సంకేతాన్ని మళ్లీ శాంప్లింగ్ చేసి, తరువాత ప్రతి ట్యాప్‌నూ దాని స్థానిక సగటు స్థాయితో భాగించాను. సగటు తీసే వ్యవధిని తొలుత 2 సెకన్లుగా పెట్టడం మరో పొరపాటు. అలల ఆవర్తనకాలం అంతకన్నా ఎక్కువ కావడంతో ఫేడింగ్ సైతం తుడిచిపెట్టుకుపోయింది. దాన్ని 20 సెకన్లకు పెంచాక నేరు మార్గం రైస్‌కు, ఉపరితలం నుంచి పరావర్తనం చెందిన మార్గాలు దాదాపు రేలీకి కుదిరాయి.