వాలు రెక్క మీద రంపపు పళ్లు: లామినార్ ప్రవాహం ముందే చెడుతుంటే

లక్షణం: విండ్ టన్నెల్‌లో వెనక్కి వాల్చిన రెక్క మోడల్ పెట్టారు. ముందు అంచు నుంచి వెనక్కి పీడనం తగ్గుతూ పోయేలా ఆకారం దిద్దారు కాబట్టి గాలి చాలా దూరం లామినార్‌గా, అంటే పొరలు పొరలుగా నున్నగా, పోవాలి. పోవడం లేదు. మోడల్ మీద నాఫ్తలీన్, అదే బీరువాలో వేసే కలరా ఉండల సరుకు, పూసి గాలి వదిలితే దువ్వెనతో గీసినట్టు సన్నటి చారలు పడతాయి. కాస్త వెనక, ప్రవాహం టర్బులెంట్ (గజిబిజి) అయిన చోట, తెల్లపూత రంపపు పళ్ల ఆకారంలో ఎగిరిపోతుంది.

కారణం: వాలు లేని రెక్కకు తగ్గే పీడనం మేలే చేస్తుంది, లామినార్ ప్రవాహాన్ని చెడగొట్టే టోల్మీన్-ష్లిక్టింగ్ తరంగాలను అణిచేస్తుంది. వాలు రెక్క మీద మాత్రం అదే కొంప ముంచుతుంది. బయటి గాలి వంపు తిరుగుతూ వెళ్తుంది, ఆ వంపును నిలిపేది పీడనం. ఉపరితలం దగ్గర గాలి నెమ్మది, పీడనం మాత్రం అంతే. దాంతో ఆ గాలి పక్కకు జారుతుంది. గ్లాసులో టీ తిప్పి వదిలితే అడుగున పొడి మధ్యకు చేరేదీ ఇందుకే. పక్కకు జారే ఈ ప్రవాహమే క్రాస్‌ఫ్లో. ఉపరితలం నుంచి పైకి దాని వేగం ఎలా మారుతుందో గీస్తే, ఆ గీతలో వంపు దిశ మారే చోటు (ఇన్‌ఫ్లెక్షన్ పాయింట్) ఉంటుంది. అక్కడ నుంచి ఒకే దిక్కుకు తిరిగే సుడులు వరసగా లేస్తాయి. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో గ్రే అనే పరిశోధకుడు ఈ చారలను విమానం రెక్క మీదే చూశాడు, 1952లో.

పరిష్కారం: ముందు పూత తుడిచి, మళ్లీ పూసి నడపండి. పళ్లు సరిగ్గా అదే చోట వచ్చాయా? అయితే అవి కదలని సుడులు, విత్తనం మీ మోడల్ మీదే ఉంది. వెనక భాగాన్ని రుద్దుతూ టైం వేస్ట్ చేసుకోవద్దు. ముందు అంచుకు ఆనుకుని, కార్డ్‌లో (ముందు అంచు నుంచి వెనక అంచు దాకా రెక్క వెడల్పులో) మొదటి కొద్ది శాతం చూడండి: పీడనం కొలిచే రంధ్రాల అంచులు, పుట్టీ అతుకులు, పెయింట్ గరుకు. అమెరికాలోని అరిజోనాలో పరిశోధకుడు సారిక్ బృందం పరీక్షల్లో 6 మైక్రాన్ల (మి.మీ.లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఎత్తున్న చుక్కలు కూడా ప్రభావం చూపాయి. వేలికి తగలదు కదా అని వదిలేయకండి, పాలిష్ చేయండి.

పళ్లు లేకుండా గీత దాదాపు నున్నగా వస్తే సుడులు కదులుతున్నాయని అనుమానించాలి. తప్పు టన్నెల్‌ది కావచ్చు. గాలిలో అలజడి 0.2 శాతం దాటిందేమో కొలిచి, టన్నెల్‌లో గాలిని నున్నగా చేసే జల్లెడ తెరల (స్క్రీన్ల) దుమ్ము దులపండి.

మొదలు నుంచే అంతా టర్బులెంట్ అయితే అది వేరే జబ్బు. టన్నెల్ గోడ దగ్గరి అలజడి ముందు అంచు వెంబడి పాకుతోంది. రెక్క మొదట్లో, ముందు అంచు మీద గాస్టర్ బంప్ (ఆ అలజడిని ఆపే చిన్న బొడిపె) పెట్టి చూడండి.

పాలిష్ చాలకపోతే ఒక వింత మందు ఉంది: కావాలనే చుక్కలు అతికించడం. అరిజోనా మోడల్ మీద బాగా పెరిగే సుడుల మధ్య దూరం 12 మి.మీ. అదే దూరంలో చుక్కలు పెడితే టర్బులెన్స్ ముందుకొచ్చింది. 8 మి.మీ. దూరంలో పెడితే వెనక్కి జరిగింది, ఎందుకంటే ఆ చిన్న సుడులు ముందే పెరిగి పెద్దవాటిని ఎదగనివ్వలేదు. 8 అనే అంకెను కాపీ కొట్టకండి. మీ తెల్లపూత మీద స్కేలు పెట్టి, చారల మధ్య దూరం కొలిచాకే, అంతకంటే తక్కువ దూరంలో చుక్కలు అతికించండి.